కలలో వచ్చిన పేరు

ఆ ఏడు ఏప్రిల్లో, మా చెల్లి చదివే యూనివర్సిటీలో పిల్లలు పెట్టే విందుకి నేను పదకొండు పెట్టెలతో వెళ్లాను. వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వచ్చాను. పెట్టెల్లో ఉన్నవి పూలూ ఆకులే కాబట్టి అవి తిరిగి రాకపోవడం వింతేమీ కాదు. వాటితోపాటు ఇంకొకటి కూడా అక్కడే వదిలేశాను. అదేమిటో మా ఇంట్లో నాకు కాక ఇద్దరికే తెలుసు. మిగిలినవాళ్లకి నేను చెప్పిన అబద్ధం తెలుసు.

అంతకుముందు క్రిస్మస్ సెలవులకి మా చెల్లి నోహెయా ఇంటికొచ్చింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్లు. అప్పట్నుంచి జడ వేసిందీ, వీపు మీద ఒకటిచ్చిందీ, స్కాలర్‌షిప్ కాగితాలు నింపి ఒరెగాన్ యూనివర్సిటీకి పంపిందీ నేనే. హవాయి దీవుల్లో మా ఊరు హీలోలో ఆ వారమంతా వాన వదల్లేదు. టూటూ, అంటే మా అమ్మమ్మ, వంటగదిలో బల్ల ముందు కూర్చుని చేమ ఆకుల ఈనెలు తీస్తోంది. నా భర్త పలాని కాఫీ కలుపుతున్నాడు. నోహెయా తడి చెప్పులు గుమ్మంలో వదిలి వచ్చి, కూర్చోకుండానే చెప్పేసింది.

"నాకు మూడో నెల."

టూటూ చేతిలో కత్తి ఆగలేదు. "అబ్బాయి ఏమన్నాడు?"

"వెళ్లిపోయాడు."

"మంచిది. వాడికి కూడా వండి పెట్టే పని తప్పింది."

నాకు కడుపు మండింది. అబద్ధమెందుకు, మండింది. మాకు పెళ్లయి పన్నెండేళ్లు. మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారైతే ఆరో నెల దాటాక పోయింది. ఇదేమో ఇంకా చదువు కూడా పూర్తికాని పిల్ల, కోరుకోనైనా కోరుకోలేదు. నేను స్టవ్ దగ్గరికెళ్లి, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను.

కాసేపటికి టూటూ, "నన్ను మా అమ్మమ్మ పెంచింది," అంది, ఎవరినీ చూడకుండా. "నా పెద్దకొడుకుని మా అక్క పెంచింది. ఇద్దరం బాగానే ఉన్నాం. మొదటి బిడ్డ ఎవరింటికి వెళ్లాలో మనవాళ్లకి ఒకరు చెప్పాల్సిన పని ఎప్పుడూ లేదు."

అందరం నోహెయా వైపు చూశాం. అది నా వైపు చూసింది.

"అక్కకిస్తాను," అంది. "వస్తూ విమానంలోనే అనుకున్నాను."

"ఇస్తాను అంటే కుదరదు. చెప్పాల్సినట్టు చెప్పు."

నోహెయా వచ్చి నా చేతిలోంచి తుడిచే గుడ్డ తీసి పక్కన పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని మా పెద్దవాళ్లు చెప్పినట్టే చెప్పింది. "బిడ్డ నీది. కడుపులో పేగులూ, పేగుల్లో పెంటా సహా నీది."

ఆ మాట అన్నాక ఇక వెనక్కి లేదు. ఇచ్చినవాళ్లు మనసు మార్చుకుని ఇటు లాగితే, తీసుకున్నవాళ్లు వదలకుండా అటు లాగితే, ఇద్దరికీ ఏమీ కాదు, మధ్యలో బిడ్డ చిక్కి శల్యమవుతుంది. అలా పోయిన పిల్లల పేర్లు టూటూ రెండు చెప్పగలదు. నేను స్కూల్లో రోజుకి నాలుగొందల మంది పిల్లలకి వండే మనిషిని, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. ఇది మాత్రం నమ్ముతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

"మరి పేరో?" అన్నాడు పలాని.

"పేరు నువ్వూ నేనూ పెట్టేది కాదయ్యా. ఆ బిడ్డకి తల్లి ఎవరో వాళ్లకి కలలో వస్తుంది. వచ్చిన పేరే పెట్టాలి. దాచినా, మార్చినా బిడ్డకి మంచిది కాదు." టూటూ నా వైపు తిరిగింది. "కవేహీ, ఇకనుంచి ఆ టీవీ కట్టేసి పెందలాడే పడుకో."

జనవరి నుంచి పెందలాడే పడుకున్నాను. కలలు రాకపోలేదు. స్కూల్లో అన్నం మాడిపోయినట్టు ఒకసారి, పలాని ట్రక్కుని సముద్రంలోకి తోలినట్టు ఒకసారి, పెళ్లిలో వేసుకోవడానికి చెప్పులు దొరకనట్టు చాలాసార్లు. పేరు మాత్రం రాలేదు. పొద్దున్నే టూటూ కాఫీ కప్పు మీదుగా నా మొహం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. బిడ్డ కోసం పలాని, మా అమ్మ ఉండిన గదికి లేత ఆకుపచ్చ రంగు వేశాడు. వాసన పోవడానికి కిటికీలు తెరిచిపెట్టి, జల్లు కొడితే పరిగెత్తి మూసి, ఆగగానే మళ్లీ తెరిచేవాడు. ఆ మూడు నెలలూ మేమిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు.

*

హవాయి నుంచి వెళ్లి అక్కడ చదువుకునే పిల్లలు ప్రతి వసంతంలోనూ లూఆవ్ పెడతారు. వెయ్యి మందికి విందు, రెండు గంటల ఆటాపాటా. అంతా విద్యార్థులే చేస్తారని టికెట్ మీద అచ్చు వేస్తారు. పూలు ఇక్కడ అమ్మలు కోస్తారు, కీ అనే మొక్క పొడుగాటి ఆకులు నాన్నలు కట్టలు కడతారు, చేమదుంప ముద్ద మామయ్యలు పంపుతారు, విమానమెక్కి వెళ్లి వంటశాలలో చెమటలు కక్కేది ఆంటీలు. ఆ ఏడు హూలా నాట్యం నేర్పే బాధ్యత నోహెయాది. ఏడో నెల పొట్టతో ఆడలేదు కాబట్టి, పక్కన చాప మీద కూర్చుని సొరబుర్ర వాయిస్తూ పాడుతుంది.

నేను వెళ్లేసరికి, నేలలో గొయ్యి తవ్వి కాల్చాల్సిన పందిమాంసం అప్పటికే వంటశాల ఓవెన్లలో ఉంది.

"గొయ్యి ఏదిరా?" అన్నాను ఆ పిల్లల క్లబ్బు ప్రెసిడెంటుతో. మౌయి దీవి కుర్రాడు, డారిన్ షిమాబుకు.

"లాన్‌లో తవ్వి పొగబెడితే ఫైరింజన్ వస్తుంది ఆంటీ. పోయినేడు వచ్చింది."

"వచ్చినవాళ్లకి పెట్టి పంపాల్సింది."

"పెట్టాం ఆంటీ. ఈసారి టికెట్లు కొనుక్కుని వస్తున్నారు."

ముప్ఫయ్యారేళ్లకే ఆంటీ అనిపించుకోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కానీ పాతికమంది పిల్లలు వరసగా వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టి మరీ పిలుస్తుంటే ఎంతమంది నోళ్లు మూయిస్తాను. వాళ్లందరికీ నోహెయా సంగతి తెలుసు. ఒకడు దానికి కుర్చీ తెస్తాడు, ఒకతి నీళ్లు తెస్తుంది, ఎవరో దాని బూట్ల లేసులు కడుతున్నారు. ఇంట్లో నేనెప్పుడైనా ఇంత చేశానా అనిపించింది.

మధ్యాహ్నం జిమ్ములో నేల మీద దుప్పట్లు పరిచి, పెట్టెలు విప్పి, దండలు గుచ్చడానికి కూర్చున్నాం. దేవగన్నేరు పూలు రెండు పెట్టెలు, ఆర్కిడ్లు ఆరు, మిగిలినవి ఆకులు. కూర్చున్నవాళ్లలో సగం మంది హవాయి మొహమైనా చూడనివాళ్లు, స్నేహం కొద్దీ వచ్చినవాళ్లు. క్లేర్ అని ఐడహో నుంచి వచ్చిన పిల్ల ఆర్కిడ్‌ని పక్కనుంచి పొడుస్తోంది.

"అమ్మాయ్, ఆ పువ్వు నీకేం అపకారం చేసింది? నట్టనడుమ గుచ్చు."

"నోహెయా కూడా అచ్చం ఇలాగే తిడుతుంది ఆంటీ."

"నా దగ్గరే నేర్చుకుంది. ఇంకా పూర్తిగా రాలేదు."

నోహెయా దండ మాత్రం నేనే కట్టాను. కడుపుతో ఉన్నవాళ్లకి గుండ్రంగా ముడి వేసిన దండ వేయం, బిడ్డ మెడకి పేగు చుట్టుకుంటుందని. రెండు కొసలూ విడిగా వేలాడేలా కట్టి, దాని పక్కన కూర్చుని పొడుగు సరిచూస్తున్నాను. లోపల బిడ్డ కదిలినట్టుంది. నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. నా అరచేతి కింద గట్టిగా ఏదో జరిగింది, మడమో మోచెయ్యో. అంత సంతోషం నాకు ఆ రోజుకి ముందు లేదు, తరవాతా లేదు.

"పేరు వచ్చిందా అక్కా?" అంది.

"ఎక్కడే! నేను కన్ను మూసేలోపు మీ బావ గురక మొదలుపెడతాడు. కల గుమ్మం దాకా వచ్చి, ఆ మోతకి జడిసి వెళ్లిపోతోంది."

అది నవ్వలేదు. "టూటూకి?"

"రాలేదు."

"వేరే ఎవరికైనా వస్తే?"

"ఇంకెవరికొస్తుందే? దానికి మన ఇల్లు తెలీదా ఏంటి?"

సూది కింద పెట్టి నా భుజం మీద తల ఆనించింది. అలసిపోయిందనుకున్నాను. లేచి వెళ్లి దానికి అన్నం పెట్టుకొచ్చాను.

*

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకే జనం బారులు తీరారు. నేను మాంసం దగ్గర నిలబడ్డాను. నా పక్కన చేమదుంప ముద్ద వడ్డించే పిల్ల, తరవాత చేపలు, ఆ చివర కొబ్బరిపాల మిఠాయి ముక్కలు. ఊళ్లో పెద్దవాళ్లు ఊదారంగు ముద్దని చూసి ఆగిపోతున్నారు.

"ఇదేంటమ్మా?" అంది ఒకావిడ.

"చేమదుంప."

"ఎలా తినాలి?"

"నోటితోనే అండీ."

ఆవిడ పకపకా నవ్వి రెండు గరిటెలు వేయించుకుంది. ఆ సాయంత్రం నేను చాలా హుషారుగా ఉన్నాను. వచ్చినవాళ్లందరితోనూ పరాచికాలాడాను.

ఆటలు మొదలయ్యాక వడ్డన బల్ల వెనక నుంచే చూశాను. మగపిల్లల ఆటలో ఒకడి నడుముకున్న ఆకులు జారిపోతే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తోనే ఆట పూర్తి చేశాడు. జిమ్ము అదిరేలా ఈలలు వేశారు. క్లేర్ తడబడకుండా ఆడింది. దీపాల వెలుగు అంచున నోహెయా, మెడలో నేను కట్టిన దండ, ఒళ్లో సొరబుర్ర. దాని గొంతు మా అమ్మ గొంతే. ఆ మాట చెప్పడానికి అమ్మ లేదు.

చివరి పాటకి ముందు డారిన్ మైకు అందుకున్నాడు. "ఇప్పటిదాకా విన్నవి మా తాతల పాటలు. ఇది కొత్తది. మా నోహెయా రాసింది. బయట పాడటం ఇదే మొదటిసారి," అన్నాడు.

ఆరుగురు అమ్మాయిలు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. నోహెయా సొరబుర్ర పక్కన పెట్టేసి ఉత్త గొంతుతో ఎత్తుకుంది. హీలో పాట. పొద్దున్నే కొండ మీంచి దిగి వాకిట్లో నిలబడే మంచు గురించి. తలుపు దాకా వస్తుంది, లోపలికి రాదు, పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. తరవాత పేరు పెట్టి పిలిచింది. కనోయె. మంచు అని అర్థం. నాలుగు చరణాలు, ప్రతి చరణం చివరా ఆ పిలుపే. అలా పిలిచినప్పుడల్లా అమ్మాయిలు పొట్ట దగ్గర దోసిలి పట్టి, నెమ్మదిగా ఎత్తి, గుండెకి ఆనించుకున్నారు.

అక్కడున్న వెయ్యి మందికీ అది మంచు పాట. మా ఇళ్లలో చివర పేరు పెట్టి పిలిచే పాట ఒక మనిషికి కట్టే పాట. ఆ మనిషి పుట్టకముందు కట్టవచ్చు. కట్టేది తల్లో, అమ్మమ్మో.

నా పక్కన ముద్ద వడ్డించే పిల్ల కళ్లు తుడుచుకుంది. నోహెయాతో ఒకే గదిలో ఉండే అమ్మాయి. "ఈ పాటంటే నాకు ప్రాణం ఆంటీ," అంది. "ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లారుతుండగా నన్ను లేపేసింది. కలలో ఎవరో ముసలావిడ ఈ పేరు చెప్పిందట, తను మర్చిపోకముందే రాసిపెట్టమంది. నా పుస్తకంలోనే రాశాను. తరవాత పాట కట్టింది. రిహార్సల్స్‌లో ఒక్కసారి కూడా ఏడవకుండా పూర్తి చెయ్యలేదు తెలుసా!"

"అలాగా," అన్నాను.

నా చేతిలో గరిటె ఉంది. ఎదురుగా ఒక ముసలాయన పళ్లెం చాపి నిలబడ్డాడు, ఇంకొంచెం మాంసం వెయ్యమని. వేశాను. "చాలమ్మా," అన్నాడు. మళ్లీ వేశాను. "చాలు చాలు, ఇంత ఎవరు తింటారు," అన్నాడు. అప్పుడు గరిటె కింద పెట్టాను.

*

ఆదివారం పొద్దున్న నోరు మూసుకుని ఉండాలనే అనుకుని లేచాను. నాకేమీ తెలియదు, నేనేమీ వినలేదు. మధ్యాహ్నం విమానం. ఎక్కేస్తే అయిపోతుంది. జులైలో బిడ్డ వస్తుంది.

దండల్ని మేం చెత్తబుట్టలో వెయ్యం. దారం కోసి పూలని మట్టికి వదిలేస్తాం. పిల్లలు జిమ్ము కడుగుతుంటే మేమిద్దరం వెనక మెట్ల మీద కూర్చుని, బుట్టల్లో పోగేసిన దండల దారాలు కోస్తున్నాం. చలిగా ఉంది. నోహెయా నా కోటు కప్పుకుంది. ఐదు నిమిషాలు కూడా నోరు మూసుకోలేకపోయాను.

"పాట బాగుంది," అన్నాను.

"నిజంగా?"

"ఫిబ్రవరిలో వచ్చిందట కదా."

దాని చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారులే. నాకెందుకు చెప్పలేదు?"

"అది నీకు రావాలి కదక్కా." మెల్లగా అంది. "ఫోన్ చేసినప్పుడల్లా అందుకే అడిగేదాన్ని. అదే పేరు నీకూ వస్తే ఏ గొడవా ఉండదనుకున్నా. రాలేదన్నావు. దాచకూడదు కదా, ఏం చెయ్యాలో తెలీలేదు. నలుగురి చెవినా పడితే దాచినట్టు కాదని, ఒక్కసారి అందరి ముందూ పిలిచేద్దామనుకున్నా. నువ్వు మంచు గురించే అనుకుంటావని..." ముక్కు తుడుచుకుంది. "నేను మాట తప్పను. ఒట్టు. నీకు ఏ పేరు వస్తే అదే పెట్టుకో. బిడ్డ నీదే."

అది నిజమే చెబుతోంది. దాన్ని పెంచినదాన్ని, అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. ఇచ్చేస్తుంది. ఆస్పత్రిలో నా చేతుల్లో పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంటుంది, ఇంకెప్పుడూ ఎత్తదు. నేను ఊఁ అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. నాకు ఆ బిడ్డ కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి, అలా అనడానికి నాకేం సిగ్గు లేదు. కానీ కల నా దగ్గరికి రాలేదు. మూడు నెలలు పెందలాడే పడుకుని కాచుకున్న నన్ను కాదని, చదువుకుని అలిసి పడుకున్న పిల్లని వెతుక్కుంటూ వెళ్లింది. పైకి ఇచ్చేస్తూ లోపల ఇది లాగుతూనే ఉంటుంది, నేనూ లాగుతూనే ఉంటాను. మూడు పోయింది నా కడుపులోనే. నాలుగోది నా ఒళ్లో చిక్కిపోతుంటే చూస్తూ కూర్చోలేను.

"నాకొద్దు," అన్నాను.

"ఏంటి?"

"బిడ్డ. నాకొద్దు. టూటూతో నేనే చెబుతాను, నా వల్ల కాదని. నువ్వు ఇచ్చావు, నేను తీసుకోలేదు. తీసుకోవాల్సిన మనిషే వద్దంటే ఇక లాగడం అనేది ఉండదు."

"అక్కా, అలా అబద్ధం..."

"నోరెత్తావంటే చంపేస్తాను. టూటూ దగ్గరే కాదు, రేపు ఆ పుట్టేదాని దగ్గర కూడా. నువ్వు మనసు మార్చుకున్నావని ఎవరి నోటైనా వచ్చిందా, అది బిడ్డకే తగులుతుంది. తెలుసుగా?"

అది ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. కానీ ఏడవబోయే ముందు ఒక్కసారి, పెద్దగా ఊపిరి వదిలింది. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి అది. వదిలినట్టు దానికి కూడా తెలిసి ఉండదు. నేను విన్నాను.

దాన్ని దగ్గరకి తీసుకోలేదు. తీసుకుంటే నేనూ ఏడుస్తాను, ఏడిస్తే మాట మార్చేస్తాను. మిగిలిన దండలన్నీ నేనే కోశాను. పూలని చెట్ల మొదట్లో పోస్తుంటే డారిన్ చీపురు పట్టుకుని వచ్చాడు.

"వచ్చే ఏడు కూడా మీరే రావాలి ఆంటీ. మాంసం దగ్గర మీలా వడ్డించేవాళ్లు లేరు. అందరికీ రెండేసి పళ్లాలు పెట్టేశారు."

"చూద్దాంలే," అన్నాను.

*

హీలో విమానాశ్రయానికి పలాని ట్రక్కు తెచ్చాడు. నేను ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టాడు. వాళ్లన్నయ్య ఇంట్లో పాత ఉయ్యాల తొట్టి దొరికిందట, నల్లబడింది గాని చెక్క మంచిదట, రెండు రోజులుగా గరుకు కాగితంతో రుద్దుతున్నాడట. చేపల బజారు దాటేదాకా విన్నాను. తరవాత ట్రక్కు పక్కకి ఆపమన్నాను. అతనికి మాత్రం జరిగిందంతా జరిగినట్టే చెప్పాను.

ఇంజను కట్టేశాడు. అద్దం మీద వాన పడుతోంది.

"దానికి నేను తండ్రిని కావాల్సింది," అన్నాడు చివరికి. "నన్నడిగావా?"

అడగలేదు. అడగాలని తట్టనైనా లేదు. పాట విన్న దగ్గర్నుంచి మెట్ల మీద ఆ మాట అనేదాకా నాకు నోహెయా గుర్తుంది, బిడ్డ గుర్తుంది, టూటూ గుర్తుంది. పలాని ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చేసిన పనిలో నేను తప్పని ఒప్పుకునేది అదొక్కటే, అది చిన్న తప్పు కాదు.

"ఒక్క ఫోన్, కవేహీ," అన్నాడు. "నేను కూడా సరే అనేవాణ్ణేమో. అడిగి ఉంటే."

టూటూతో అబద్ధం వంటగదిలో నిలబడే చెప్పాను. ఆలోచించానని, ఈ వయసులో నిద్రలేని రాత్రులు నా వల్ల కాదని, ఉద్యోగం వదులుకోలేనని. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పాను.

"ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"లేదు."

"అది ఇవ్వనందా?"

"ఇస్తానంటోంది టూటూ. నాకే వద్దు."

టూటూ నన్ను ఎగాదిగా చూసింది. "నాకు ఎనభై మూడేళ్లు. చేతికిచ్చిన బిడ్డని వద్దన్న మనిషిని ఇంతవరకూ చూడలేదు," అంది. "నా వంటగదిలోనే చూడాల్సి వచ్చింది."

పలాని గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు. అతను నాకు చేసిన మేలు అది. తరవాతి వారం దీవికి అటువైపున్న కోనాలో రోడ్డు పనికి పేరు ఇచ్చుకున్నాడు. శనివారం వచ్చి ఆదివారం వెళ్లేవాడు. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేకుండా పోయింది.

మే నెలలో నోహెయా వచ్చి ఆకుపచ్చ గదిలో దిగింది. మేమిద్దరం వంట గురించీ డాక్టరు గురించీ మాట్లాడుకునేవాళ్లం. జులై ఏడున ఆడపిల్ల పుట్టింది. కలలో వచ్చిన పేరే పెట్టారు. ఆ పేరు ఎప్పుడు వచ్చిందని టూటూ అడిగితే, ఆస్పత్రిలో వచ్చిందని చెప్పింది నోహెయా. అలా చెప్పమన్నది నేనే.

ఇంటికి తెచ్చిన రోజు మావాళ్లందరూ చేరారు. వరండాలో చాపల మీద చుట్టూ కూర్చున్నాం. కొత్త బిడ్డని వరసగా ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి ఇచ్చుకుంటాం. అందుకున్నవాళ్లు నుదుటికి ముక్కు ఆనించి నెమ్మదిగా వాసన పీల్చి పక్కవాళ్లకి ఇస్తారు. టూటూ దగ్గర మొదలైంది. తరవాత నోహెయా, తరవాత హోనొలులు నుంచి వచ్చిన మా పిన్ని. పిన్ని పక్కన నేను. నా పక్కన పలాని.

పిన్ని నా వైపు తిరిగింది. నేను ఆలోచించకుండానే చేతులు చాపేశాను.

"దానికివ్వకు," అంది టూటూ. కోపంగా కాదు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. "అది వద్దంది. పలానికియ్యి."

పిన్ని ఒక్క క్షణం తటపటాయించి, నా మోకాళ్ల మీదుగా అటు అందించింది. నోహెయా నోరు తెరిచింది. నేను దాని వైపు చూశాను. మూసుకుంది. పలాని బిడ్డని అందుకుని మొహం వంచాడు, ఎంతసేపటికీ ఎత్తలేదు. అతని భుజాలు కదలడం నాకు తెలుస్తోంది. స్టవ్ మీద అన్నం ఉందని చెప్పి లేచాను.

తరవాత ఎత్తుకోలేదని కాదు. టూటూ పడుకున్నప్పుడు, చర్చికి వెళ్లినప్పుడు ఎత్తుకునేదాన్ని. బొద్దుగా, ఏ రోగమూ లేకుండా పెరిగింది. తొమ్మిదో నెలకే గోడ పట్టుకుని నిలబడింది.

మరుసటి వసంతంలో టూటూ మంచాన పడింది. నీళ్లు పోసిందీ, ముద్ద కలిపి తినిపించిందీ నేనే. నాతో కావలసినంతే మాట్లాడేది. నీళ్లు, దుప్పటి, కిటికీ. ఒకరోజు పొద్దున్న జుట్టు దువ్వుతున్నాను. పక్క గదిలో పిల్ల కిలకిలా నవ్వుతోంది. టూటూ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

"నీకు పిల్లలంటే ఇష్టమనుకున్నానే," అంది.

దువ్వెనలో చిక్కుకున్న తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటే తీశాను. నిజం నాలుక చివర దాకా వచ్చింది. పక్క గదిలో పిల్ల మళ్లీ నవ్వింది.

"నేనూ అలాగే అనుకున్నాను టూటూ," అన్నాను.